మిలిటరీ డ్రాయింగ్‌ను కమర్షియల్ ప్రమాణాల్లోకి మార్చడం ఎలా: అనుమతి నుంచి మొదటి జాబ్ దాకా

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక మెషిన్ షాపు ఉందనుకోండి. ఇన్నాళ్లూ విశాఖ వైపు నుంచి రక్షణ రంగం పనులు వచ్చేవి. ఇప్పుడు పైడిభీమవరంలో మందుల కంపెనీకి పంపు విడిభాగాలు చేసివ్వాలి. అలాంటి పార్టుకే పాత డ్రాయింగ్ చేతిలో ఉంది. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎంఐఎల్ (అమెరికా సైనిక ప్రమాణాల) నంబర్లు తీసేసి వాటి చోట ఏ నంబర్లు రాయాలి?

నంబర్ల సంగతి తేలికే, కింద ఇచ్చాం. చిక్కంతా డ్రాయింగ్ మీద రాయని షరతులతో. ఫలానా ప్రమాణం ప్రకారం చదవాలి అని ఒక్క నోట్ ఉంటే, ఆ ప్రమాణంలోని నియమాలన్నీ పార్టుకు వర్తిస్తాయి. నోట్ మార్చగానే అవన్నీ మారతాయి. గీత ఒక్కటీ మారదు, తయారయ్యే పార్టు మాత్రం మారిపోతుంది. అందుకే పాత ప్రమాణం మౌనంగా చెప్పినదాన్ని ముందు కాగితం మీద పెట్టాలి, ఆ తర్వాతే ప్రమాణం మార్చాలి.

వివరణకు ఒకే పార్టు తీసుకుందాం: 316 స్టెయిన్‌లెస్ స్టీలు పంపు షాఫ్ట్ స్లీవ్, అంగుళాల డ్రాయింగ్, డీఓడీ-ఎస్‌టీడీ-100 (అమెరికా రక్షణ శాఖ డ్రాయింగ్ ప్రమాణం) పద్ధతిలో గీసినది. కొలతల నియమాలకు ఏఎన్ఎస్ఐ వై14.5ఎం-1982 అని రాసి ఉంది.

1. ముందు అనుమతి

డ్రాయింగ్ మీ షాపు బీరువాలో ఉన్నంత మాత్రాన మీది కాదు. మన రక్షణ శాఖ సామగ్రికి అసలు డ్రాయింగుల మీద అధికారం ఏహెచ్ఎస్‌పీ అని పిలిచే సంస్థది. ఆర్డరు కోసం ఇచ్చిన ప్రతిని వేరే గిరాకీకి వాడాలంటే లిఖిత అనుమతి కావాలి. రెస్ట్రిక్టెడ్ ముద్ర ఉంటే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా వర్తించవచ్చు.

అమెరికా మూలం డ్రాయింగ్ అయితే, దాన్ని ఎవరికి ఇవ్వవచ్చో చెప్పే డిస్ట్రిబ్యూషన్ స్టేట్‌మెంట్ ఏ అక్షరమో చూడండి. అందరికీ విడుదల చేయగలిగేది 'ఏ' (A) అక్షరం ఒక్కటే. మిగతా అక్షరాలకు పరిమితులుంటాయి.

అనుమతి చేతికొచ్చేదాకా స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపడం, ఉచిత ఆన్‌లైన్ కన్వర్టర్లలో పెట్టడం వద్దు. ఇక్కడ పట్టించుకోకుండా దాటేస్తే మిగతా పనంతా వృథా.

2. నంబర్ల చిట్టా తీయండి

ఒక ప్రింటు తీసి, హైలైటర్‌తో డ్రాయింగ్ మీదున్న ప్రతి ప్రమాణాన్నీ గుర్తించండి. నోట్స్, టైటిల్ బ్లాక్, పార్ట్స్ లిస్ట్, వెల్డింగ్ గుర్తు తోక, ఏదీ వదలొద్దు. తర్వాత నాలుగు గడుల పట్టిక వేయండి:

- నంబరు, ఎడిషన్ అక్షరం, సంవత్సరం
- పార్టులో అది దేన్ని నియంత్రిస్తోంది
- దాని నేటి స్థితి
- కొత్త డ్రాయింగులో దాని స్థానంలో ఏం వస్తుంది

స్థితి కోసం అమెరికా రక్షణ శాఖ వారి అసిస్ట్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. రద్దయిన పత్రాలకు చాలావాటికి రద్దు నోటీసు ఉంటుంది. దాని బదులు ఏది చూడాలో అందులోనే రాస్తారు. బదులు ఏదీ చెప్పకపోతే ఆ షరతును మీరే మాటల్లో డ్రాయింగ్ మీద రాయాలి.

"కొత్త డిజైన్లకు వాడరాదు" అన్నదీ "రద్దు" అన్నదీ ఒకటి కాదు. మొదటి రకం ప్రమాణాన్ని పాత డ్రాయింగ్ నిశ్చింతగా వాడుకోవచ్చు. మీరు గీసేది కొత్త నంబరుతో కొత్త డ్రాయింగ్ కాబట్టి మీకు పనికిరాదు.

తరచుగా ఎదురయ్యేవి ఇవి. ముందున్నది పాత నంబరు, తర్వాతది దాని బదులు వచ్చేది. ఏఎస్ఎంఈ, ఏఎస్‌టీఎం, ఎస్ఏఈ (ఏఎంఎస్ దీనిదే) అమెరికా ప్రమాణాలు, ఐఎస్ఓ అంతర్జాతీయం, ఐఎస్ మన దేశానివి:

- డీఓడీ-ఎస్‌టీడీ-100, ఎంఐఎల్-ఎస్‌టీడీ-100: ఏఎస్ఎంఈ వై14.100, దాంతోపాటు వై14.24 (డ్రాయింగ్ రకాలు), వై14.34 (జాబితాలు), వై14.35 (రివిజన్లు)
- ఎంఐఎల్-ఎస్‌టీడీ-8: ఏఎస్ఎంఈ వై14.5
- ఎంఐఎల్-ఎస్‌టీడీ-10: ఏఎస్ఎంఈ బీ46.1, గుర్తులకు వై14.36
- ఎంఐఎల్-ఎస్‌టీడీ-12: ఏఎస్ఎంఈ వై14.38
- క్యూక్యూ-పీ-35: ఏఎస్‌టీఎం ఏ967 లేదా ఏఎంఎస్ 2700
- ఎంఐఎల్-ఎస్-7742: ఏఎస్ఎంఈ బీ1.1
- ఎంఐఎల్-ఎస్-8879: ఎస్ఏఈ ఏఎస్8879
- ఎంఐఎల్-ఎస్‌టీడీ-6866: ఏఎస్‌టీఎం ఈ1417
- ఎంఐఎల్-ఎస్‌టీడీ-105: ఐఎస్ఓ 2859-1, మన దగ్గర ఐఎస్ 2500 మొదటి భాగం
- ఎంఐఎల్-క్యూ-9858: ఐఎస్ఓ 9001

ఎంఐఎల్ అని కనబడగానే కొట్టేయకండి. అల్యూమినియం క్రోమేట్ కోటింగుకు ఎంఐఎల్-డీటీఎల్-5541ను మామూలు పరిశ్రమలు కూడా వాడుతున్నాయి. మార్చాల్సిన అవసరం లేనిదాన్ని మార్చితే కొత్త తప్పుకు తావిచ్చినట్టే.

జేఎస్ఎస్ నంబర్లుంటే అవి మన జాయింట్ సర్వీసెస్ స్పెసిఫికేషన్లు. వాటికి సూటిగా ఐఎస్ జోడీ ఉంటుందని అనుకోవద్దు. పత్రం తెరిచి, అందులో మీ పార్టుకు వర్తించే పేరాలే తీసుకోండి.

3. ఒక్క ప్రమాణాల కుటుంబాన్నే ఎంచుకోండి

ఏఎస్ఎంఈనా, ఐఎస్ఓ-ఐఎస్‌నా? గిరాకీ ఏది చదువుతాడో అది. మన జిల్లాల డిప్లొమా, ఐటీఐ కుర్రాళ్లు చదివింది భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ఎస్‌పీ 46 పద్ధతి. షాపు ఫ్లోరులో తడబాటు తక్కువ కావాలంటే ఐఎస్-ఐఎస్ఓ మేలు. అమెరికా కొనుగోలుదారు ఉంటే ఏఎస్ఎంఈలోనే ఉంచేయండి, పని సగం తగ్గుతుంది.

రెండూ కలపడమే అన్నిటికంటే ప్రమాదం. కొలతలకు వై14.5, సాధారణ టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) అంటే విడిగా రాయని కొలతల టాలరెన్స్‌కు ఐఎస్ఓ 2768 అని ఒకే షీటు మీద రాస్తే, వివాదం వచ్చినప్పుడు ఎవరి వాదన వారికి నిలబడుతుంది.

స్లీవ్‌ను ఐఎస్-ఐఎస్ఓలోకి తెద్దాం. దగ్గర ఉండాల్సినవి: ఐఎస్ 10711 (షీటు సైజులు), ఐఎస్ 11665 (టైటిల్ బ్లాక్), ఐఎస్ 11669 (కొలతలు), ఐఎస్ 8000 (జామెట్రిక్ టాలరెన్సులు), ఐఎస్ 919 (ఫిట్లు), ఐఎస్ 2102 (సాధారణ టాలరెన్సులు). ఏ సంవత్సరం ఎడిషనో టైటిల్ బ్లాక్‌లో రాయండి. సంవత్సరం రాయని ప్రమాణం రేపు మారితే మీ డ్రాయింగ్ అర్థమూ మారుతుంది.

4. షీటు, ప్రొజెక్షన్

అమెరికా సి సైజు 559 × 432 మి.మీ. మన ఏ2 594 × 420. పొడవు సరిపోతుంది, ఎత్తులో 12 మి.మీ. తెగుతుంది. ప్రింటర్ తనంతట తాను కుదిస్తే స్కేలు పోతుంది. కొత్త ఏ2 టెంప్లేట్‌లో వ్యూలను తిరిగి అమర్చండి.

వ్యూలు అమర్చే పద్ధతిలో అమెరికా డ్రాయింగ్ థర్డ్ యాంగిల్, ఎస్‌పీ 46 ఫస్ట్ యాంగిల్. క్యాడ్‌లో మోడల్ ఉంటే సెట్టింగ్ మార్చి వ్యూలు మళ్లీ తీయండి. మోడల్ లేక స్కాన్ మాత్రమే ఉంటే వ్యూలను కదపకుండా థర్డ్ యాంగిల్‌లోనే ఉంచి, గుర్తును టైటిల్ బ్లాక్ దగ్గర పెద్దగా వేయండి. గుర్తు ఒక్కటే మార్చి వ్యూలు పాతచోటే వదిలేస్తే, పక్క రంధ్రం ఎదురు వైపుకు పోతుంది. స్లీవ్‌లో సెట్ స్క్రూ రంధ్రం సరిగ్గా ఇలాంటిదే.

5. కొలతలు, టాలరెన్సులు

అన్నిటికంటే ఎక్కువ జాబులు రిజెక్ట్ అయ్యేది ఇక్కడే. తొందరపడొద్దు.

స్లీవ్ బయటి వ్యాసం 1.250 అంగుళాలు. టైటిల్ బ్లాక్ దగ్గర రెండు దశాంశాలకు ±.01, మూడు దశాంశాలకు ±.005 అని ఉంది. అంటే టాలరెన్స్ ఎంతో దశాంశ స్థానాలే చెబుతున్నాయి. మిల్లీమీటర్లలోకి మార్చగానే 31.75 అవుతుంది, ఇక దశాంశాల లెక్కకు అర్థం లేదు. కింద ఐఎస్ఓ 2768-ఎం అని రాసేస్తే 30 నుంచి 120 మి.మీ. మధ్య కొలతకు ±0.3 వర్తిస్తుంది. పాతది ±0.127. రెట్టింపు కంటే ఎక్కువ వదులు.

ఈ వరస పాటించండి:

- అంగుళాల డ్రాయింగ్ మీదే ప్రతి కొలత పక్కన దాని టాలరెన్స్ పెన్నుతో రాయండి.
- కొలతను కాకుండా రెండు హద్దులనూ 25.4తో గుణించండి. 1.245 అంటే 31.623, 1.255 అంటే 31.877.
- హద్దులను లోపలికే సవరించండి: 31.63, 31.87. అంటే 31.75 ±0.12.
- ±0.13 అని రాస్తే హద్దులు 31.62, 31.88 అవుతాయి. రెండు వైపులా 3 మైక్రాన్లు బయటికి పోయినట్టు.
- ఏ కొలత వదులైనా ఫరవాలేదో డిజైన్ బాధ్యుడు సంతకం చేసి చెబితేనే సాధారణ టాలరెన్స్‌కు వదలండి.

లోపలి బోరు .750, పైకి .001, కిందికి సున్నా. హద్దులు 19.050, 19.0754. చూడగానే హెచ్7 అనే ఫిట్ కోడ్ రాయాలనిపిస్తుంది. 18 నుంచి 30 మి.మీ. వరకు హెచ్7 అంటే +0.021, పాతదానికంటే 4 మైక్రాన్లు బిగువు. పని నడుస్తుంది కానీ రిజెక్షన్లు, రేటు పెరుగుతాయి. హెచ్8 అంటే +0.033, పాత హద్దును దాటేస్తుంది. కాబట్టి కోడ్ వద్దు, 19.05 పక్కన +0.025, 0 అని నేరుగా రాయండి. షాపులో ఉన్న పాత అంగుళాల ప్లగ్ గేజ్‌తో ఇంకా తనిఖీ చేసుకోవచ్చు, అదో లాభం.

థ్రెడ్‌ను మాత్రం మిల్లీమీటర్లలోకి లాగొద్దు. 1/4-20 యూఎన్‌సీని ఎం6గా మార్చడం యూనిట్లు మార్చడం కాదు, డిజైన్ మార్చడం. థ్రెడ్ యథాతథంగా ఉంచి, ప్రమాణం నంబరు మాత్రం ఏఎస్ఎంఈ బీ1.1 రాయండి.

ఉపరితలం నునుపు (ఆర్ఏ అనే సగటు విలువ): 125 మైక్రోఇంచులు అంటే 3.2 మైక్రాన్లు, 63 అంటే 1.6, 32 అంటే 0.8. బాగా పాత డ్రాయింగుల్లో ఆర్ఎంఎస్ అని ఉంటే, ఆ అంకె ఆర్ఏ కంటే సుమారు 11 శాతం ఎక్కువ. సీల్ కూర్చునే చోట తప్ప ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

6. ఆకారం, స్థానం: కనబడకుండా మారేవి

వై14.5లో ఒక మూల నియమం ఉంది. వ్యాసం లాంటి సైజు కొలతలో పార్టు గరిష్ఠ మెటీరియల్ స్థితిలో (షాఫ్ట్ అయితే అతి పెద్ద సైజు, బోరు అయితే అతి చిన్న సైజు) ఉంటే దాని ఆకారం లోపం లేకుండా ఉండాలి. ఐఎస్ఓ 8015 ప్రకారం అలా కాదు, సైజు వేరు, ఆకారం వేరు. ప్రత్యేకంగా చెబితే తప్ప ఒకదాన్ని ఒకటి కట్టడి చేయదు.

స్లీవ్ బోరులో దీని ఫలితం చూడండి. 3 అంగుళాల పొడవునా ఎక్కడ రెండు బిందువుల మధ్య కొలిచినా 19.055 వస్తోంది, హద్దుల్లోనే ఉంది. కానీ బోరు కొంచెం వంగి ఉంది. 19.04 షాఫ్ట్ సగం దాకా దూరి పట్టేస్తుంది. వై14.5 డ్రాయింగ్ అయితే ఈ స్లీవ్ రిజెక్ట్. ఐఎస్ఓ డ్రాయింగ్ మీద సైజు ఒక్కటే చూస్తే పాస్. గిరాకీ తిప్పి పంపినా షాపుదే తప్పని చెప్పలేం.

విరుగుడు సులువే. ఫిట్ ఉన్న ప్రతి వ్యాసం పక్కన వృత్తంలో ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం గుర్తు పెట్టండి, పైన చెప్పిన మూల నియమం (ఎన్వలప్ షరతు) తిరిగి వస్తుంది. తనిఖీకి బోరు మొత్తం పొడవున్న గో ప్లగ్ గేజ్ వాడండి. పొట్టి గేజ్ వంపును పట్టుకోలేదు.

ఈ విభాగంలో ఇంకో నాలుగు చూసుకోవాలి.

"కాన్సెంట్రిక్ .002 టీఐఆర్" అన్న పాత నోట్: డయల్ పెట్టి తిప్పి చూసే తనిఖీ అది. సర్క్యులర్ రనౌట్ 0.05గా రాసి, డేటమ్ (కొలతకు ఆధారం) బోరు అక్షమని చెప్పండి. ఏఎస్ఎంఈలోనే ఉండేవారు గమనించాల్సింది: వై14.5 2018 ఎడిషన్‌లో కాన్సెంట్రిసిటీ, సిమెట్రీ గుర్తులు తీసేశారు.

డేటమ్ గుర్తు: పాత పద్ధతిలో పెట్టెలో అక్షరానికి రెండు వైపులా చిన్న గీతలు ఉంటాయి. కొత్త పద్ధతిలో త్రిభుజం. త్రిభుజాన్ని కొలత గీతకు ఎదురుగా పెడితే అక్షం డేటమ్, పక్కకు జరిపి పెడితే ఉపరితలం డేటమ్. నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే అర్థమే మారిపోతుంది.

పొజిషన్ టాలరెన్స్ పక్కన వృత్తంలో ఎం (గరిష్ఠ మెటీరియల్ స్థితి) ఉందా, ఎస్ (సైజుతో సంబంధం లేదు) ఉందా, ఏదీ లేదా? 1994 ఎడిషన్ నుంచి గుర్తు లేకపోతే సైజుతో సంబంధం లేకుండా అదే టాలరెన్స్. అంతకుముందు ఎడిషన్ల డ్రాయింగులో గుర్తు లేకపోతే ఊహించవద్దు, డిజైన్ బాధ్యుడిని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

సాధారణ జామెట్రిక్ టాలరెన్సులకు ఐఎస్ఓ 2768-ఎంకే అని రాయడం మన దగ్గర అలవాటు. కే అక్షరం వచ్చేది రెండో భాగం నుంచి. 2021లో దాని స్థానంలో ఐఎస్ఓ 22081 వచ్చింది. కొత్త డ్రాయింగులో అవసరమైన ఆకార టాలరెన్సులు విడివిడిగా రాయడమే క్షేమం.

7. నోట్స్: ఒక్కొక్క వాక్యం

మెటీరియల్. పాతది: క్యూక్యూ-ఎస్-763, క్లాస్ 316, కండిషన్ ఏ. కొత్తది: ఏఎస్‌టీఎం ఏ276, 316, కండిషన్ ఏ. 'కండిషన్ ఏ' (అనీల్ చేసినది) అన్నది వదిలేస్తే అనీల్ చేయని బారు వచ్చినా సరఫరాదారుని అడగలేం. హీట్ నంబరుతో ఈఎన్ 10204 3.1 సర్టిఫికెట్ కావాలని కొనుగోలు ఆర్డర్‌లో రాయండి. మందుల కంపెనీ 316ఎల్ అడిగితే అది వేరే గ్రేడు. నోట్‌లో చడీచప్పుడు లేకుండా ఎల్ చేర్చేయకండి, మార్పుగా నమోదు చేయండి.

పాసివేషన్ (స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకుండా ఆమ్లంతో చేసే శుద్ధి). పాతది: క్యూక్యూ-పీ-35, టైప్ 6. కొత్తదానిలో ఏ967 అని మాత్రమే రాస్తే, నైట్రిక్ యాసిడా సిట్రిక్ యాసిడా అన్నది పాసివేషన్ చేసేవాడి ఇష్టం. పాత ప్రక్రియే కావాలంటే నైట్రిక్ 2 అని పేర్కొనండి: 20 నుంచి 45 శాతం ఆమ్లం, 21 నుంచి 32 డిగ్రీల సెల్సియస్, కనీసం 30 నిమిషాలు. ఏ పరీక్ష కావాలో కూడా రాయండి. ఆహార పరిశ్రమ పార్టులకు కాపర్ సల్ఫేట్ పరీక్ష పెట్టకూడదు, నీటిలో ముంచే పరీక్ష గానీ తేమ పరీక్ష గానీ ఎంచుకోండి.

ప్లేటింగ్. స్లీవ్‌కు లేదు కానీ బోల్టులకు క్యూక్యూ-పీ-416 కాడ్మియం కనబడుతుంది. సైనికేతర గిరాకీ చాలాసార్లు కాడ్మియం వద్దంటాడు. జింక్‌కు మారితే ఏఎస్‌టీఎం బీ633 లేదా ఐఎస్ఓ 2081. మందం, బిగింపు టార్క్ రెండూ మళ్లీ చూడాలి. కాడ్మియం జారుడు గుణం జింక్‌కు లేదు, పాత టార్క్ పెడితే బోల్టు సరిగా బిగుసుకోదు. గట్టిదనం ఎక్కువున్న బోల్టులకు ప్లేటింగ్ తర్వాత బేకింగ్ నోట్ తప్పనిసరి.

మార్కింగ్. ఎంఐఎల్-ఎస్‌టీడీ-130 ఇంకా అమల్లోనే ఉంది, అయినా మీ గిరాకీకి అక్కర్లేదు. ఏం రాయాలి, ఎక్కడ, ఎంత ఎత్తు అక్షరాలు అన్నవి చెబితే చాలు. లేజర్ మార్కింగ్ పాసివేషన్ తర్వాత చేస్తే ఆ అక్షరాల దగ్గరే తుప్పు మొదలవుతుంది, మన తీరం గాలికి ఇంకా త్వరగా. ముందు మార్కింగ్, ఆ తర్వాత పాసివేషన్ అని వరస రాయండి.

క్వాలిటీ నోట్స్. శాంప్లింగ్, గేజ్ క్యాలిబ్రేషన్, తనిఖీ వ్యవస్థ గురించిన వాక్యాలను డ్రాయింగ్ నుంచి తీసి కొనుగోలు ఆర్డర్‌లో పెట్టండి. పార్టు ఎలా ఉండాలో చెప్పేదే డ్రాయింగ్ మీద ఉండాలి.

8. పార్టు నంబరు, రివిజన్

పాత పార్టు ఉన్న చోట కొత్తది, కొత్తది ఉన్న చోట పాతది ఏ సర్దుబాటూ లేకుండా కూర్చుంటే నంబరు ఉంచి రివిజన్ పెంచవచ్చు. ఒక్క వైపు కూడా అనుమానం ఉంటే కొత్త నంబరే. గిరాకీ వేరు, యాజమాన్యం వేరు అయినప్పుడు ఎలాగూ కొత్త నంబరు ఇవ్వాలి. పాత కేజ్ కోడ్ (అమెరికా రక్షణ కొనుగోళ్లలో సంస్థకు ఇచ్చే గుర్తింపు కోడ్), పాత సంస్థ పేరు షీటు మీద మిగలకూడదు.

రివిజన్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ వాడరు. అంకెలతో కలిసిపోతాయనో, చదవడంలో తికమక అనో పెట్టిన ఈ అలవాటు ఐఎస్-ఐఎస్ఓలోకి వచ్చినా కొనసాగించండి.

9. మొదటి జాబ్

కొత్త డ్రాయింగ్ మీద ప్రతి కొలతకూ, ప్రతి నోట్‌కూ బెలూన్ నంబరు ఇవ్వండి. డ్రాయింగ్ మార్చిన మనిషి కాకుండా వేరే టర్నర్‌కు ఇచ్చి ఒక్క స్లీవ్ చేయించండి. పాత డ్రాయింగ్ అతనికి చూపించొద్దు. అతను ఆగి అడిగే ప్రతి ప్రశ్నా డ్రాయింగులో లోపమే, రాసుకోండి.

ఆ స్లీవ్‌ను పాత హద్దులతోనూ కొత్త హద్దులతోనూ కొలిచి రెండు గడుల్లో నింపండి. కొత్తదానిలో పాస్, పాతదానిలో ఫెయిల్ అన్న వరస ఒక్కటి వచ్చినా 5, 6 విభాగాలకు వెనక్కి వెళ్లండి. చివరగా షాఫ్ట్ మీద ఎక్కించి చూడండి.

10. విడుదలకు ముందు టిక్ పెట్టాల్సినవి

- అనుమతి పత్రం ఫైల్లో ఉంది
- చిట్టాలోని ప్రతి పాత నంబరుకూ కొత్తది గానీ, మాటల్లో రాసిన షరతు గానీ, "అవసరం లేదు" అని సంతకం గానీ ఉంది
- ప్రొజెక్షన్ గుర్తు, వ్యూల అమరిక ఒకదానితో ఒకటి సరిపోయాయి
- హద్దులన్నీ లోపలికే సవరించారు
- ఫిట్ ఉన్న వ్యాసాలకు వృత్తంలో 'ఈ' (E) గుర్తు ఉంది
- మెటీరియల్ నోట్‌లో కండిషన్, పాసివేషన్ నోట్‌లో పద్ధతి, పరీక్ష ఉన్నాయి
- ప్రమాణాలన్నిటికీ ఎడిషన్ సంవత్సరం ఉంది
- షాపు ఫ్లోరులోని పాత ప్రింట్లు వెనక్కి తీసుకున్నారు. లేత్ పక్కన గోడకు అంటించినవి, టూల్ డబ్బాలో మడిచి పెట్టుకున్నవి కూడా